తూము రాయి, తోమా రాయి

కృష్ణా డెల్టాలో రాయి పుట్టదు. బెజవాడ దాటి సముద్రం దాకా ఎక్కడ తవ్వినా ఒండ్రు, బంకమన్ను, ఇసుక, దాని కింద మళ్ళీ బంకమన్ను. కనుక ఈ నేలమీద ఎక్కడ రాయి కనిపించినా, అది ఇంటి గడప కావచ్చు, పెరట్లో రోలు కావచ్చు, చర్చి గోడలో ఒదిగిన సిలువ కావచ్చు, దాన్ని ఎవరో ఎక్కడినుంచో మోసుకొచ్చారని అర్థం. అంత కష్టపడి తెచ్చిన రాయిని ఇక్కడ ఎవరూ పారేయరు. ఒక పని తీరాక ఇంకో పనికి పెడతారు. ఈ రాయి ఎక్కడిది, ఇక్కడ ఇలా కూర్చునేముందు ఏ పని చేసింది అన్న రెండు ప్రశ్నల మీదే నా ఉద్యోగమంతా గడిచింది.

నేను భూగర్భశాస్త్రం చదువుకుని, పాత కట్టడాల సంరక్షణ చూసే శాఖలో రాళ్ళను పరీక్షించే పనిలో చేరాను. అందులోనే పదవీ విరమణ చేశాను. నా ప్రమోషన్ల సంగతి మీకు అక్కరలేదు. అప్పట్లో నాకే అంత అక్కర లేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఉపయోగపడతాయనిపించిన కొన్ని సంగతులు మాత్రం రాస్తున్నాను. ఆఫీసులో నన్ను "ఏదీ మేడమ్" అనేవారు. ఎవరు ఏం చెప్పినా ముందు "ఏదీ, చూపించండి" అనడం నా అలవాటు. వెక్కిరించడానికి పెట్టిన పేరే అయినా, మా శాఖ నాకిచ్చిన బిరుదుల్లో అదొక్కటే నేను కష్టపడి సంపాదించుకున్నది.

ఎవరికీ అక్కరలేని రాళ్ళు

మా శాఖలో స్తూపాల శిల్పాలు చూడడానికి పోటీ ఉండేది, ఆలయాల శాసనాలు చూడడానికి పోటీ ఉండేది. పాత చర్చిల్లోని రాళ్ళ కోసం ఎవరూ పోటీపడేవారు కాదు. కొత్తగా చేరినదాన్ని కనుక అవి నా బల్లమీదికి వచ్చాయి. మాది కంకిపాడులో ఉపాధ్యాయుల కుటుంబం. మా ఇంట్లో చర్చి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అదీ టేపు, భూతద్దం పట్టుకుని.

చదివినకొద్దీ నాకు ఆ విషయం మీద ఇష్టం కలిగింది. కేరళలోని కొన్ని పాత చర్చిల్లోనూ, మద్రాసులో తోమా కొండ అని పిలిచే కొండమీదా, మధ్యయుగపు తొలి శతాబ్దాల నాటివని పండితులు భావించే రాతి సిలువలు ఉన్నాయి. అవి ఇప్పుడున్న గోడలు వాటి తర్వాత ఎంతోకాలానికి కట్టినవి. అంటే పాత రాయిని తెచ్చి కొత్త కట్టడంలో నిలిపారు. వాటి తీరు ఒక్కసారి చూస్తే మరిచిపోరు. సిలువ రాతిలోకి తొలిచినట్టు కాక, పైకి ఉబికి ఉంటుంది. చేతుల కొనలు మొగ్గల్లా విచ్చుకుంటాయి. కింద మెట్ల పీఠం, చుట్టూ కమాను. కొన్నింటికి ఆ కమాను మీద పాత పారశీక లిపి.

అలాంటిది మన డెల్టాలో ఉందని నాకు చెప్పినవాళ్ళు చాలామంది. చూపించినవాళ్ళు మాత్రం లేరు.

ఇద్దరు పైఅధికారులు

నా మొదటి అధికారి కామేశ్వరరావు గారు. నిజం పేరు అది కాదు, మనిషి మాత్రం నిజం. ఆయన బ్యాగులో పెన్ను లేని రోజులున్నాయి గానీ, చేతి అద్దం లేని రోజు లేదు. మొదటిసారి చూసినప్పుడు, ఈయనకు సోకు ఎక్కువ కాబోలు అనుకున్నాను. కొండపల్లిలో ఒక పాత రాతి పలక ముందు నన్ను నిలబెట్టి, "ఏం కనపడతంది?" అన్నారు.

"ఏమీ లేదండీ. సాపు రాయి."

ఆయన అద్దంతో ఎండను పట్టి, రాతిమీద పక్కనుంచి ఏటవాలుగా పారించారు. సాపు రాతిమీద ఒక గుర్రం, దానిమీద మనిషి, మనిషి చేతిలో కత్తి లేచి నిలబడ్డాయి.

"ఎదురుగా పడే వెలుగు అబద్ధాలు చెప్తదమ్మా. పక్కనుంచి పడే వెలుగును అడుగు," అన్నారాయన. తర్వాత రాతిని నాలుకతో నాకి, "సున్నపురాయి కాదు," అని నమోదు చేయించారు. మొదటి పద్ధతిని నేను చివరిదాకా పాటించాను. రెండోదాన్ని మీరు పాటించకండి. ఏ రాతిని ఏ కుక్క ముందే పరీక్షించి పోయిందో తెలియదు.

ఆయనకో పట్టుదల ఉండేది: రాయిని చూసేదాకా ఊళ్ళో ఎవరినీ ఏమీ అడగకూడదని. అడిగితే వాళ్ళ కథ మన కళ్ళలోకి ఎక్కుతుందనేవారు. ఇది సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం ముందుముందు చెబుతాను.

రెండో అధికారికి ఏ రాయి చూపించినా బౌద్ధమే. మేం చాటున ఆయన్ను "స్తూపం గారు" అనుకునేవాళ్ళం. మెట్ల అడుగున వేసిన నాపరాయిని కూడా ఆయన వదల్లేదు. చాలా మంచి మనిషి. అడిగితే సెలవు కాదనేవారు కాదు. కానీ ఒక అధికారి దగ్గర ఎక్కువకాలం పనిచేస్తే ఆయన కళ్ళజోడు మన ముక్కుమీదికి ఎప్పుడెక్కిందో మనకే తెలియదు.

ఆటోనగర్ సిలువ

ఒకసారి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు యజమాని నుంచి కబురొచ్చింది. ఇంజన్లు విప్పే చోట నేల తవ్వుతుంటే పురాతనమైన రాతి సిలువ బయటపడిందట. నేను వెళ్ళేసరికి దానికి బంతిపూల దండ, ముందు అగరువత్తులు. పక్క షాపులవాళ్ళు చెప్పులు విప్పి మరీ చూసిపోతున్నారు.

పెద్ద నల్లరాతి దిమ్మ. మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, గాళ్ళు. భూతద్దం పెట్టి చూస్తే గాడి అడుగున గీతలు ఒకదానికొకటి సమదూరంలో ఉన్నాయి. చేతి ఉలి అలా కొట్టదు. యంత్రంతో కోసిన గాడి అది.

"ఇది ఈమధ్యదేనండీ," అన్నాను.

యజమాని నొచ్చుకున్నాడు. "అదేంటి మేడమ్, చూడకుండానే అట్టా అంటారు!"

"చూసే అంటున్నానండీ."

"ఇంకోసారి బాగా చూడండి. పేపరువాళ్ళు కూడా వస్తన్నారు."

ఇంతలో టీ తాగడానికి పోయిన ఆయన తండ్రి తిరిగి వచ్చాడు. దండను చూశాడు, అగరువత్తులను చూశాడు, కొడుకును చూశాడు.

"ఏరా, నా రాయికి దండేశావేంటి?"

"నాన్నా, ఇది పురాతన సిలువంట."

"పురాతనమేందిరా! నీకంటే చిన్నది. ఇంజను దిమ్మ కదలకుండా కూర్చోడానికి నేనే గాడి కోయించా. ఎక్కడ పోయిందా అని ఇన్నేళ్ళూ ఎతుకుతన్నా."

చెప్పులు విప్పినవాళ్ళంతా చెప్పులు వేసుకున్నారు. ఆ యజమాని నవ్వి, నాకూ ఒక టీ చెప్పాడు. ఆరోజు నేర్చుకున్నది ఏమిటంటే, అడ్డంగా ఒక గాడి, నిలువుగా ఒక గాడి ఉన్న ప్రతిదీ సిలువ కాదు. రెండు గాళ్ళు కలవడానికి లోకంలో వేరే కారణాలు కూడా ఉన్నాయి. ఈ సంగతి తెలిసినదాన్ని కనుకే, తర్వాత చెప్పబోయే ఊళ్ళో నేను సగం గెలిచాను. మిగతా సగం ఓడిపోయినంత పనయింది.

రత్నకుమారి టీచరు గారి గోడ

ఆ ఊరు కాలువ గట్టు మీద ఉంది. పేరు రాస్తే వెంటనే ఫోన్లు పట్టుకుని ఫొటోలకు బయలుదేరతారు కనుక రాయను. ఊళ్ళో ఒక చిన్న పాత చర్చి. సున్నపు గోడలు, మందపాటి కప్పు, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండే లోపలి గది. అక్కడి క్రైస్తవులు దాన్ని గుడి అనే అంటారు. లోపల, ప్రసంగ పీఠం వెనక గోడలో, మనిషెత్తు నల్లరాయి ఒకటి. దానిమీద సిలువ ఆకారం. పైన చెక్కమీద నీలం రంగుతో "తోమా రాయి" అని రాసి ఉంది. ఏసుప్రభువు శిష్యుడైన తోమా స్వయంగా నిలిపిన రాయి అని దాని అర్థం.

నాకు కబురు పెట్టినవారు రత్నకుమారి గారు. ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు బైబిలు కథలు, మిగతా రోజుల సాయంత్రాలు లెక్కలు, ఇంగ్లీషు, అన్నీ ఆ పాత గుడిలోనే చెబుతారు. వచ్చే పిల్లల్లో సంఘంవాళ్ళు సగం; మిగతా సగం, కాలువ చివర చేపలు పట్టుకుని బతికే హిందూ కుటుంబాల పిల్లలు. వాళ్ళ ఇళ్ళలో పుస్తకం పరుచుకునేంత చోటు ఉండదు.

ఆమె సమస్య ఇది. సంఘం పెరిగింది. పాత గుడి పడగొట్టి పెద్ద చర్చి కట్టాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. కొత్త ప్లానులో వేదిక ఉంది, కార్లు నిలిపే చోటు ఉంది, పిల్లల తరగతికి గది లేదు. ఈమె అడ్డం తిరిగారు. పాస్టరు ప్రసాద్ గారు కుర్రవాడు, మంచివాడు, తొందర ఎక్కువ. మధ్యేమార్గం చెప్పారు: తెలిసినవాళ్ళను పిలిచి చూపిద్దాం. ఆ రాయి నిజంగా తోమా గారి కాలానిదైతే పాత గుడిని ముట్టుకోం, పక్కన కట్టుకుందాం. కాకపోతే పడగొడదాం.

"అంటే, మీరు ఒక్క మాట అంటే చాలండీ," అన్నారు రత్నకుమారి గారు, నాకు మజ్జిగ అందిస్తూ. "అవును అనండి. నా పిల్లలు ఇక్కడే ఉంటారు."

"కాకపోతే అవునని ఎలా అంటానండీ?"

"ముందే కాదనేశారేంటి, ఇంకా రాయినైనా చూడందే?"

ఆమె మాట న్యాయమైనదే. నేను మజ్జిగ పక్కన పెట్టి రాయి దగ్గరికి పోయాను.

ప్రతి క్రిస్మస్‌కూ వేసిన సున్నపు పూత దానిమీద అట్టలు కట్టి ఉంది. వెదురు పుల్లతో, నీళ్ళతో మెల్లగా తీశాను. ఇనుము వాడకూడదు, మీ గీతలు పాత గీతల్లో కలిసిపోతాయి. పూత పోయేకొద్దీ నాకు నవ్వు ఆపుకోవడం కష్టమయింది. ఇక్కడ సిలువ పైకి ఉబికి లేదు, లోపలికి తొలిచి ఉంది. నిలువు గాడి ఒక అంచు అద్దంలా నునుపు. రెండో అంచుమీద ఉలి దెబ్బలు తాజాగా ఉన్నాయి. అడుగున ఇనుప తుప్పు మరక.

మా పెదనాన్నగారు కాలువల శాఖలో ఓవర్సీరు. చిన్నప్పుడు ఆయన వెంట నేను చూసిన తూములు అన్నీ ఇన్నీ కావు. కాలువ నుంచి పొలానికి నీళ్ళు వదిలే చోట రెండు రాళ్ళు నిలబెట్టి, వాటి గాళ్ళలో ఇనుప పట్టీలు కొట్టిన చెక్క తలుపు దించుతారు. నీటి తోపుడికి తలుపు ఎప్పుడూ ఒకే అంచును రాసుకుంటుంది. ఆ అంచు నునుపు తేలుతుంది, ఎదుటి అంచు కొత్తగానే ఉంటుంది. పైన అడ్డగాడి, తలుపు ఎత్తే దూలానికి.

"టీచరు గారూ, ఇది తూము రాయండీ," అన్నాను.

"మేమూ అదేగదండీ అంటన్నాం!" అన్నారామె సంతోషంగా. "తూం రాయి. మా నాయనమ్మ కూడా తూం రాయి అనే అనేది."

"తూం అనేవారా, తోమా అనేవారా?"

"తూం. మా పెద్దోళ్ళకు నోరు తిరిగేది కాదుగా. అందుకే అప్పట్లో వచ్చిన చదువుకున్న పాస్టరు గారొకాయన, 'అట్టా పలకకూడదమ్మా, తోమా అనాలి' అని దిద్ది, ఆ బోర్డు రాయించారంట."

నేను గోడకు ఆనుకుని నవ్వాను. ఆమె నన్ను చూసి, బోర్డును చూసి, గాడిని చూసి, మళ్ళీ నాకోసం తెచ్చిన మజ్జిగ గ్లాసును మెల్లగా కింద పెట్టారు. నోరు తిరగనిది పెద్దవాళ్ళకు కాదు. వాళ్ళు సరిగ్గానే పలికారు. పక్క తూము శిథిలమైనప్పుడు దాని రాయి తెచ్చి గుడికి పెట్టుకున్నారు, తూము రాయి అనే పిలిచారు. చదువుకున్నాయన వచ్చి దాన్ని దిద్ది, ఒక అపొస్తలుణ్ణి కాలువ గట్టుకు రప్పించాడు.

కామేశ్వరరావు గారి నియమంలో తక్కువైన సగం ఇదే. ఊరివాళ్ళు చెప్పే కథను అనుమానించండి. వాళ్ళు వాడే మాటను మాత్రం జాగ్రత్తగా వినండి. కథను ఎవరైనా దిద్దుతారు. పిల్లను పిలిచినట్టు రోజూ పిలిచే పేరు అంత తేలిగ్గా మారదు.

"అయితే గుడి పోయినట్టేనా అండీ?" అన్నారు రత్నకుమారి గారు.

నా నవ్వు ఆగిపోయింది.

అద్దంలో

వెంటనే తిరిగి రావలసింది. కానీ రిపోర్టు రాయాలంటే రాయి మందం కావాలి, వెనక ముఖం ఎలా ఉందో కావాలి. రాయి గోడ ఈ పక్కనుంచి ఆ పక్కకు పూర్తిగా ఉందని కొట్టి చూస్తే తెలిసింది. బయటికి పోయి, గోడ వెనక సున్నపు గార మీద చిన్న కిటికీలాగా, అడుగునుంచి పైకి తీయడం మొదలుపెట్టాను.

కింద ఒక వంపు తగిలింది. గిన్నె అడుగులాగా గుండ్రటి పట్టీ, దానిలో కిందికి వేలాడే ఒక మొగ్గ. ఉబికి ఉన్న చెక్కడం.

"సగం తామర," అన్నాను పైకే. "బౌద్ధ శిల్పం ముక్క. ఇలాంటివి ఈ చుట్టుపక్కల మామూలే."

ఆ మాట అన్నది నేను కాదు, స్తూపం గారి కళ్ళజోడు. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదు. పాస్టరు ప్రసాద్ గారు కూడా వచ్చి చేరారు. ఆయన చేతిలో ఫోను.

"మేడమ్, ఈ రాయి పేరేంటన్నారు?"

"చార్నకైట్. నీలం తిరిగిన నల్లరాయి."

ఆయన వేళ్ళు ఫోనుమీద పరిగెత్తాయి. ముఖం వెలిగిపోయింది. "ప్రైజ్ ద లార్డ్! మద్రాసులో తోమా గారి కొండ కూడా చార్నకైటే మేడమ్! ఇదిగోండి, ఇక్కడుంది! అక్కడినుంచే వచ్చింది!"

"మన కొండపల్లి వైపు కొండల్లోనూ ఆ రకం రాయి ఉందండీ. మీ ఇంట్లోనూ సన్నబియ్యమే, మా ఇంట్లోనూ సన్నబియ్యమే. రెండూ ఒకే చేలో పండాయంటారా?"

"మీరు దేన్నీ ఒప్పుకోరా అండీ?"

"చూపిస్తే ఒప్పుకుంటానండీ."

గార ఇంకా తీశాను. మొగ్గకు పైన కాడ, కాడకు అటూ ఇటూ రెండు కొమ్మలు, పైన మెట్లమెట్లుగా ఏదో. నాకు అర్థం కాలేదు. తామరకు మెట్లు ఉండవు. వెలుగు చాలక, బ్యాగులోంచి నా చేతి అద్దం తీసి రత్నకుమారి గారికిచ్చి, గోడ మొదట్లో ఎండలో పట్టుకోమన్నాను. ఆమె మోకాళ్ళ నొప్పితో ఎక్కువసేపు వంగి నిలబడలేక, అద్దాన్ని నేలమీద ఆనించి, దానిలోకి చూస్తూ కూర్చున్నారు.

"మేడమ్ గారూ."

"కొంచెం ఎడమకు తిప్పండి."

"మేడమ్ గారూ, రాయి సంగతి కాదు. అద్దంలోకి చూడండి."

నేల మీది అద్దంలో, కాలువ నీళ్ళలో చెట్టు కనిపించినట్టు, గోడ తలకిందులుగా కనిపిస్తోంది. తలకిందులైన ఆ గోడలో రాయి మాత్రం సరిగ్గా నిలబడింది. కింద మెట్ల పీఠం. దానిమీద సిలువ. చేతుల కొనలు మొగ్గల్లా విచ్చుకుని ఉన్నాయి. పైన గిన్నె కాదు, కమాను. పుస్తకాల్లో ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఆ తీరు నా కళ్ళముందే ఉంటే, దాన్ని సగం తామర అనుకుని కొలుస్తున్నాను.

పాస్టరు గారు కూడా వంగి చూశారు. కాసేపు ముగ్గురం ఒకే అద్దంలోకి చూస్తూ నేలమీద కూర్చున్నాం. దారిన పోయే ఒకావిడ ఆగి, "ఏం పోయిందండీ?" అని అడిగింది.

"ఏం పోలేదమ్మా, దొరికింది," అన్నారు పాస్టరు గారు.

ఆ తర్వాత చూసిన ఒక చిన్న సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. సిలువ చేతుల్లో ఒకదాని కొన లేదు. విరగలేదు, తూములో సరిగ్గా ఇమడడానికి రాయి అంచును ఉలితో చదును చేసినప్పుడు తెగిపోయింది. తూము పనివాళ్ళ ఉలి సిలువను కోసింది. అంటే వాళ్ళు వచ్చేసరికే సిలువ ఉంది. ఇంతవరకూ పోలిక, ఇది ఋజువు.

తూములో తలకిందులుగా నిలబడ్డ రోజుల్లో కాలువ నీళ్ళలో దాని నీడ నిటారుగా కనిపించేదేమో అని ఒక క్షణం అనుకున్నాను. వెంటనే గుర్తొచ్చింది: తూము రాతి వెనక ముఖం గట్టు మట్టిలో పూడి ఉంటుంది. కనిపించే అవకాశం లేదు. ఇలాంటి అందమైన ఊహలు మీకూ వస్తాయి. రానివ్వండి, రిపోర్టులోకి మాత్రం రానివ్వకండి.

సంఘం ముందు

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కూర్చుంది. అప్పటికే ఊరంతా అద్దం సంగతి తెలుసు. రత్నకుమారి గారు ముందు వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నావైపే చూస్తున్నారు.

"మేడమ్, సూటిగా చెప్పండి," అన్నారు పాస్టరు గారు. "తోమా గారి కాలానిదా, కాదా?"

ఎంతో తేలికైన అబద్ధం నోటిదాకా రావడం అంటే ఏమిటో ఆరోజు నాకు తెలిసింది. ఆ ఊళ్ళో నా అబద్ధాన్ని పట్టుకోగలిగినవాళ్ళు లేరు. ఒక్క మాటతో పిల్లల తరగతి నిలబడుతుంది. కానీ ఆ మాట మరునాడు బోర్డుమీదికి ఎక్కుతుంది. తూమును తోమాగా దిద్దినాయన పని నేను సంతకం పెట్టి మరీ పూర్తిచేసినట్టవుతుంది.

"ఆయన కాలానిదని చెప్పడానికి ఒక్క ఆధారమూ లేదండీ," అన్నాను. "ముందుపక్క ఇది తూము రాయి. వెనకపక్క సిలువ. సిలువ తూముకంటే పాతది, ఇది ఖాయం. ఎంత పాతదో తెలియదు. కేరళ సిలువల తీరు ఉంది. అవి మధ్యయుగపు తొలినాళ్ళవంటారు. ఇదీ ఆనాటిదే కావచ్చు. తర్వాత ఎవరైనా ఆ తీరులో చెక్కిందీ కావచ్చు. ఎవరు చెక్కారో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు."

రత్నకుమారి గారు సంచి పట్టీ సర్దుకుని కిందికి చూశారు.

వెనకనుంచి ఒక పెద్దాయన లేచారు. "అయితే బాధ ఏముందండీ. గుడి పడగొట్టి, రాయి జాగ్రత్తగా తీసి, కొత్త గుడిలో నిటారుగా పెట్టుకుందాం."

"పెట్టలేరండీ."

"ఎందుకు పెట్టలేం? క్రేను తెప్పిస్తాం."

"క్రేను సంగతి కాదండీ. ఈ పక్క తూము గాడి లోపలికి తొలిచారు. ఆ పక్క సిలువ చుట్టూ లోపలికి చెక్కారు. రెండు పక్కలా పోగా మధ్యలో మిగిలిన రాయి పలచన. నేను కొలిచాను. గాడి అడుగున సన్నటి చీలిక కూడా ఉంది. ఇన్నాళ్ళూ గోడ నాలుగు పక్కలా అదిమి పట్టుకుంది కాబట్టి నిలిచింది. గోడ తీస్తే రాయి గాడి వెంట రెండుగా విడిపోతుంది. సిలువ సరిగ్గా మధ్యలో విరుగుతుంది." "ఇది మాత్రం 'కావచ్చు' కాదండీ. కావాలంటే ఇంకొకరిని పిలిచి కొలిపించుకోండి."

సంఘంలో గుసగుసలు లేచాయి. పాస్టరు గారు తల గోక్కున్నారు.

"అంటే మేడమ్, తోమా గారిది కాదు. గానీ గోడ ముట్టుకోకూడదు."

"అంతేనండీ."

"గోడ ముట్టుకోకుండా గుడి పడగొట్టడం ఎట్టా?"

"అది నా సబ్జెక్టు కాదండీ," అన్నాను.

ముందు నవ్వింది ఆ పెద్దాయనే. తర్వాత అందరూ. కొత్త గుడిని పక్క ఖాళీ స్థలంలోకి జరపాలని ఆ పూటే తేల్చారు. కార్లు నిలిపే చోటు పోయింది. ఆ సంగతి మీద కొందరు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడరు.

బయటికి వచ్చాక రత్నకుమారి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క మాట అవును అనమంటే అనలేదుగదండీ మీరు! నా గుండె జారిపోయింది."

"అనకుండానే పని అయిందిగదండీ."

"అయింది. అయినా మీరు మొండి మనిషండీ," అని నా బ్యాగులో అరిసెల పొట్లం కుక్కారు.

చివరికి తేలింది

తర్వాత ఇద్దరు నిపుణులు వచ్చి చూశారు. ఒకరు చాలా పాతదన్నారు, ఒకరు అంత పాతది కాదన్నారు. చీలిక సంగతిలో మాత్రం ఇద్దరూ నాతో ఏకీభవించారు. పాత బోర్డు దించారు. కొత్తది రత్నకుమారి గారే తన బడి అక్షరాలతో రాశారు: "తూము రాయి. ముందు తూము, వెనక సిలువ. వయసు తెలియదు." వెనకవైపు గోడ మొదట్లో, నేలలో ఒక అద్దం బిగించారు. వచ్చినవాళ్ళు వంగి చూడక తప్పదు.

మొన్న ఆమె ఫోన్ చేశారు. వెనక పిల్లల గోల. ఆ మందపాటి కప్పు కింద మాటలు ఎలా మోగుతాయో నాకు తెలుసు కనుక, ఎక్కడినుంచి మాట్లాడుతున్నారని అడగలేదు.

"మీరు వచ్చిపోయాక నా పిల్లలు చెడిపోయారండీ," అన్నారామె.

"ఏమైందండీ?"

"ఏం చెప్పినా 'ఏదీ టీచర్, చూపించండి' అంటన్నారు. ఇవాళ యోనా కథ చెప్పా. పెద్ద చేప ఆయన్ని మింగి, మళ్ళీ ప్రాణాలతో ఒడ్డున కక్కిందన్నా. మన చేపలోళ్ళ పిల్లలు ఊరుకుంటారా? 'ఏ చేప టీచర్?' అని మొదలుపెట్టారు. ఒకడు పండుగప్ప అంటాడు. ఇంకోడు, 'పండుగప్ప నోట్లో మనిషి పట్టడు, సొరచేప' అంటాడు. 'సొరచేపయితే నమిలేస్తదిగా, యోనా బయటికెట్టా వస్తాడు?' అంటది ఆ చివర కూర్చునే పిల్ల. నన్నేం చెప్పమంటారు?"

"బైబిల్లో ఏ చేపని ఉందండీ?"

"పెద్ద చేపనే ఉంది. రకం లేదు."

"అయితే అదే చెప్పండి. ఏ రకమో తెలియదని."

"చెప్పానండీ," అన్నారు రత్నకుమారి గారు. ఆ గొంతులో నవ్వు దాగలేదు. "చెప్తే ఏమన్నారో తెలుసా? 'అట్టయితే బోర్డు మీద రాయండి టీచర్' అన్నారు."